ఓడ ఎక్కేముందు

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. మా రేణిగుంటలో మాత్రం బళ్ళు ఎప్పుడూ బళ్ళే. పగలూ రాత్రీ రైలుకూతలే తప్ప సముద్రపు హోరు ఎరగని ఊరు మాది. అటువంటి ఊళ్ళో, పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే, మా ఇంటి అరుగుమీదికి ఓడ సంగతి వచ్చి కూర్చుంది!

ఏర్పేడువైపు పల్లెనుంచి ఒక రైతు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రవాడు నా దగ్గర రెండేళ్ళు తెలుగు చదివినవాడే. ఓడమీద ఉద్యోగం కుదిరిందట. నెలకు అరవైవేలు జీతం. తిండీ, బసా ఓడవాళ్ళవే. కుదిర్చిన ఏజెంటుకు మాత్రం ముందుగా అయిదు లక్షలు ముట్టజెప్పాలిట.

"మామిడితోట బేరం పెట్టినాను అయివోరా. బుధవారం రిజిస్ట్రేషను. ఈ ఇంగ్లీషు కాయితం ఒకతూరి చదివి, మంచిదో కాదో ఒక మాట చెప్పండి సామీ" అన్నాడు రైతు.

నేను చెప్పుకునేవి నన్నయా, తిక్కనా. ఓడల సంగతి నాకేం తెలుసు? ఆ మాటే అనబోయాను. తోట అమ్ముకోబోయే మనిషితో అలా అనడానికి నోరు రాలేదు. మా ఆవిడ కాఫీ అందిస్తూ, "శాసనాలు చదువుతారుగా, ఆ ఒక్క కాగితం చదవలేరూ?" అని దెప్పింది.

ఆ దెప్పుతోనే నాకు మోటుపల్లి గుర్తుకొచ్చింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఆ రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డునపడ్డ ఓడల్లోని సరుకంతా రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేమీ పుచ్చుకోబోమని ఆయన రాతిమీద చెక్కించాడు. నోటిమాటతో సరిపెట్టలేదు, చూశారూ! సముద్రంమీదికి పోయేవాడికి గాలివానంత భయం ఒడ్డుమీది మనిషితోనూ ఉంది. ఆ భయానికి మందు రాతకోతలే.

ఆ తరవాత ప్రపంచమంతా ఇదే పాఠం నేర్చుకుంది. కాకపోతే ప్రాణాలిచ్చి నేర్చుకుంది. 1912లో టైటానిక్ ఓడమీద సుమారు 2,200 మంది ఉంటే, ప్రాణరక్షక పడవల్లో చోటు 1,178 మందికే. విచిత్రమేమంటే, ఆనాటి చట్టం అడిగినదానికంటే అది ఎక్కువే! పదిహేనువందలమందికి పైగా పోయాక, 1914లో కొన్ని దేశాలు కూర్చుని సముద్ర రక్షణ ఒడంబడిక రాసుకున్నాయి. దానికి ఇప్పుడు అమలులో ఉన్న రూపం 1974 నాటిది. నావికుల జీతభత్యాలకూ, హక్కులకూ 2006లో వేరొక ఒడంబడిక వచ్చింది. మనదేశం 2015లో దాన్ని ఆమోదించింది.

ఇంత రాసిపెట్టి ఉన్నా చదివేవాడు లేకపోతే ఏం లాభం? అందుకని నేనూ, కుర్రవాడూ ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాం. మాకు దొరికినవి మూడు. ఎవరింట్లో ఈ అవసరం పడినా పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది, ఏజెంటు పేరు. నావికులను ఓడలకు కుదిర్చేవాడికి బొంబాయిలోని నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. దాన్ని ఆర్.పి.ఎస్.ఎల్. అంటారు. లైసెన్సు ఉన్నవారి జాబితాను ఆ కార్యాలయమే అందరికీ కనపడేలా పెడుతుంది. అటువంటివాడు ప్రభుత్వానికి హామీ కట్టి ఉంటాడు. రేపు పిల్లవాడు పరాయిరేవులో చిక్కుకుంటే, నిలదీయడానికి మనదేశంలో ఒక మనిషంటూ ఉంటాడు.

రెండోది, డబ్బు. 2006 ఒడంబడిక ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడిదగ్గర రుసుము పుచ్చుకోకూడదు. వైద్య సర్టిఫికెట్టు, నావికుడి పుస్తకం, పాస్‌పోర్టు, వీటి ఖర్చు మాత్రమే అతనిది. ఇక ఒప్పందం మీద సంతకం పెట్టేముందు దాన్ని చదువుకోవడానికీ, నలుగురినీ అడగడానికీ వ్యవధి ఇవ్వాలి.

మూడోది, ఓడ. సముద్రయానం చేసే పెద్ద ఓడలకు ఏడంకెల ఐ.ఎం.ఓ. సంఖ్య ఉంటుంది. పేరు మారినా, యజమాని మారినా, జెండా మారినా అది మారదు. అందులో ఒక చిన్న లెక్క దాగి ఉంది. మొదటి ఆరంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2 చేత గుణించి కూడితే, వచ్చిన మొత్తంలో చివరి అంకె ఆ సంఖ్యలోని ఏడో అంకె కావాలి. 9074729 తీసుకోండి: 63, 0, 35, 16, 21, 4 కలిస్తే 139. చివరి అంకె 9, సరిపోయింది. సంఖ్య నిజమైనదైతే, ఈక్వాసిస్ అనే ఉచిత సమాచార నిధిలో ఆ ఓడ యజమాని ఎవరో, తనిఖీలలో ఎక్కడైనా ఆపారో తెలుసుకోవచ్చు.

మా కాగితంలోని సంఖ్యకు కుర్రవాడే లెక్క వేశాడు. కుదరలేదు. మళ్ళీ వేశాడు. కుదరలేదు. ఏజెంటు పేరు జాబితాలో ఎంత వెతికినా కనబడలేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అంటారుగా. ఈ మల్లయ్య అయిదు లక్షలు చేతబడేదాకానే!

రైతు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుర్రవాడు తలెత్తలేదు. వెళ్ళబోతూ, "అయితే నేనింక సముద్రం మొహం చూడనట్టేనా సార్?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. తోట నిలిచిందన్న సంతోషంలో, పిల్లవాడి ఆశ మునిగిందన్న సంగతి నేను గమనించనే లేదు.

"ఎందుకు చూడవురా? దొడ్డిదారిన వద్దన్నాను గాని, వద్దనలేదే! మన విశాఖపట్నంలోనే భారత సముద్రయాన విశ్వవిద్యాలయం వారి శాఖ ఉంది. నౌకాయాన శాఖ ఆమోదించిన శిక్షణాలయాలు వేరే ఉన్నాయి. ఆ జాబితా కూడా చదువు" అన్నాను.

బుధవారం రిజిస్ట్రేషను జరగలేదు. కుర్రవాడు పదిరోజులు నాకు కనిపించలేదు. మొన్న సాయంత్రం నోటుపుస్తకంతో వచ్చాడు. శిక్షణాలయాల పేర్లు వరసగా రాసుకొచ్చాడు. ఒక్కొక్క పేరు పక్కన ఆమోదం ఉందో లేదో, ఫీజు ఎంతో, ఎప్పుడు సరిచూశాడో తారీఖుతో సహా వేసుకున్నాడు.

నాలుగు పేర్లు తనే కొట్టేశాడు.