మీట మార్చమని అడగవచ్చా?

(అభిప్రాయ వ్యాసం)

ఢిల్లీలో తెలుగు కుటుంబాలు ఉంటున్న పేటల్లో జనక్‌పురి ఒకటి. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీకి అక్కడ ఒక పాఠశాల ఉంది. పై రెండు వాక్యాల్లోని పేర్లను కంప్యూటరులో తెలుగులో టైపు చేసి చూడండి. జ, న, క, పొల్లు, ప, కొమ్ము, ర, గుడి - మీటలన్నీ వరుసగా నొక్కినా తెరమీద ‘జనక్పురి’ అని వస్తుంది. క కింద ప ఒత్తుగా చేరిపోతుంది. అలాగే ‘దేశ్‌ముఖ్’ కాస్తా ‘దేశ్ముఖ్’ అవుతుంది.

ఇది కంప్యూటరు చేసిన తప్పు కాదు. పొల్లు తరువాత హల్లు వస్తే అది ఒత్తుగా మారడం మన లిపి స్వభావం. పద్మ, భక్తి అనే మాటలు అలాగే వస్తాయి. కాని ఇతర భాషల పేర్లు, మాటలు రాసేటప్పుడు కొన్నిచోట్ల ఆ రెండు హల్లులూ కలవకూడదు. అందుకోసం కంప్యూటరులో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. దాన్ని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని ‘విడి గుర్తు’ అందాం. పొల్లు తరువాత ఈ గుర్తు ఉంటే పక్క అక్షరం ఒత్తుగా మారదు.

మరి దాని మీట ఎక్కడ ఉంది? తెలుగు టైపు కొత్తగా నేర్చుకునేవారికి ఇది సులభంగా దొరకదు. దొరకనప్పుడు ఏం చేస్తారు? మధ్యలో ఖాళీ వదిలి ‘జనక్ పురి’ అని కొడతారు. ఒక మాట రెండు మాటలవుతుంది. రాజ్‌కుమార్ అనే పేరు ఒక దరఖాస్తులో ‘రాజ్కుమార్’ అనీ, మరొకదానిలో ‘రాజ్ కుమార్’ అనీ పడిందనుకోండి. కంప్యూటరు వాటిని వేరువేరు పేర్లుగా చూస్తుంది. ఒకదానితో వెతికితే రెండోది దొరకకపోవచ్చు. కాబట్టి ఇది అందానికి సంబంధించిన విషయం కాదు. మనిషి పేరుకు సంబంధించిన విషయం.

ఈ ఇబ్బందిని తీర్చమని సాఫ్ట్‌వేరు తయారు చేసేవారిని అడగవచ్చా? అడగవచ్చు, అడగాలి అని నా అభిప్రాయం. లినక్స్, లిబ్రేఆఫీస్ వంటివి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు. వాటి మూలరచనను ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు. ‘ఈ మీట ఇలా ఉంటే బాగుంటుంది’ అని ఎవరైనా వినతి పంపవచ్చు.

‘ఉచితంగా వచ్చినదానికి వంకలు పెట్టడం ఎందుకు?’ అని కొందరంటారు. ఇబ్బంది చెప్పడం వంక పెట్టడం కాదు. హిందీవారు జనక్‌పురి అనే పేరును హలంతం లేకుండానే రాస్తారు. కాబట్టి ఈ పేరుతో వారికి ఈ చిక్కే రాదు. మనం చెప్పకపోతే ఇటువంటి చిక్కు ఒకటి ఉందని ఇతరులకు ఎలా తెలుస్తుంది?

కీబోర్డు మార్పులు జరగనివేమీ కావు. మన ప్రభుత్వం రూపాయి గుర్తును 2010 జులై 15న ఆమోదించింది. అంతకు ముందు ఏ కీబోర్డులోనూ ఆ గుర్తు లేదు. ఇప్పుడు లినక్స్‌లోని రూపాయి గుర్తు గల భారతీయ ఇంగ్లీషు కీబోర్డులో కుడివైపు ఆల్ట్ మీటతో 4 అంకెను నొక్కితే అది వస్తుంది. అవసరం కనిపించింది, మీట కుదిరింది.

అయితే అడిగే ముందు ఆలోచించాలి. పర్షియన్ భాష రాసేవారికి కూడా విడి గుర్తు కావాలి. ఇరాన్ ప్రమాణ కీబోర్డులో షిఫ్ట్‌తో స్పేస్‌బార్ నొక్కితే అది వస్తుంది. మనకూ అదే ఇమ్మని అడుగుదామా? వద్దని నేనంటాను. లిబ్రేఆఫీస్ లెక్కల పట్టికలో అవే రెండు మీటలు నొక్కితే అడ్డువరుస మొత్తం ఎంపికవుతుంది. పైగా మన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఖ, ఘ వంటి ఒత్తక్షరాలకు షిఫ్ట్ మాటిమాటికీ కావాలి. వేలు తీయడం ఆలస్యమైతే ఖాళీకి బదులు కనిపించని గుర్తు పడుతుంది. దాన్ని వెతికి తీసేయడం మరింత కష్టం. నిజానికి లినక్స్ కీబోర్డు ఐచ్ఛికాల్లో ఈ సదుపాయం ఇప్పటికే ఉంది. కాని అది ‘నాన్ బ్రేకింగ్ స్పేస్ ఇన్‌పుట్’ అనే శీర్షిక కింద ఉంది. తెలుగు టైపు చేసేవారు అక్కడ వెతకాలని ఎలా అనుకుంటారు?

దీనికంటె మంచి దారి మన ప్రమాణంలోనే ఉంది. భారత ప్రమాణాల సంస్థ 1991లో ఐ.ఎస్. 13194 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. దాని ప్రకారం హల్లు తరువాత పొల్లును రెండుసార్లు ఇస్తే తరువాతి అక్షరం దానితో కలవదు. తరువాత యూనికోడ్ వాడుకలోకి వచ్చాక ఆ పనికి విడి గుర్తు వచ్చింది. పొల్లును రెండుసార్లు నొక్కితే పొల్లు, విడి గుర్తు కలిసి పడేలా చేయమని ఐబస్ వంటి టైపింగ్ సాధనాల తయారీదారులను మనం అడగవచ్చు. తెలుగులో వరుసగా రెండు పొల్లులతో ఎవరికీ పనిలేదు. కాబట్టి ఎవరి అలవాటూ చెడదు. కొత్త మీటను గుర్తుంచుకోవలసిన పనీ లేదు.

వినతి ఎలా రాయాలి? ముందు మీ సాధనంలో ఆ సదుపాయం ఉందేమో చూడండి. అదే కోరిక మరెవరైనా పంపారేమో వెతకండి. ఆపైన నాలుగు విషయాలు రాయండి: మీరు నొక్కిన మీటలు, తెరమీద వచ్చినది, రావలసినది, మీరు వాడుతున్న సాఫ్ట్‌వేరు పేరు, దాని సంచిక. మార్పు వల్ల ఇతరులకు ఇబ్బంది ఉంటే అదీ చెప్పండి. ఇలాంటి వినతులు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. అంతమాత్రాన వెనుకాడవద్దు. చిన్నచిన్న వాక్యాలు చాలు. ఇంగ్లీషు తెలిసినవారి సాయం తీసుకోండి.

ఆ పని చేసేవారిలో చాలామంది స్వచ్ఛందంగా చేసేవారే. అడిగినంతనే చేసి తీరాలనే నియమం ఏమీ లేదు. మనం స్పష్టంగా రాస్తే వారి శ్రమ తగ్గుతుంది, మన పని అయ్యే అవకాశం పెరుగుతుంది.

చదువు మధ్యలో ఆగిపోయినవారికి కంప్యూటరు ముందు ఒక బెరుకు ఉంటుంది. ఏదైనా సరిగా రాకపోతే తప్పు తమదేననుకుంటారు. ప్రతిసారీ అలా అనుకోనక్కరలేదు. మీటలను అమర్చినవారూ మనుషులే. వారికి తెలియని అవసరం మీకు తెలిసి ఉండవచ్చు.

ఆలోచించి రాయండి

1. పొల్లు తరువాత అక్షరం ఒత్తుగా మారకూడని మాటలు ఐదు రాయండి.
2. షిఫ్ట్, స్పేస్‌బార్ పద్ధతిని రచయిత ఎందుకు వద్దన్నారు? మీరు ఏకీభవిస్తారా? కారణాలు చెప్పండి.
3. మీకు ఇబ్బందిగా ఉన్న ఒక మీట గురించి ఐదు వాక్యాల్లో వినతి రాయండి.