బ్రేకు తొక్కిందెవరు?

మా టీములో ఒక కుర్రాడున్నాడు. ఊరు మధిర దగ్గర. దసరాకి పది రోజులు సెలవు పెట్టి ఇంటికెళ్తూ, "అన్నా, ఖమ్మంలో పది రోజుల్లో కారు పూర్తిగా నేర్పేస్తామంటున్నారు. చేరిపోనా?" అని అడిగాడు. ఆలోచించకుండా "వద్దు" అనేశాను. "ఎందుకొద్దు?" అన్నాడు. అది కాఫీ మెషీన్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు. పైగా అందులో నా పరువుకి సంబంధించిన వ్యవహారం కూడా కాస్త ఉంది. అందుకని తీరిగ్గా రాస్తున్నా.

2011లో నేను హైదరాబాదులో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. పదిహేను రోజుల కోర్సు, రోజూ అరగంట, ఇంటి దగ్గరే ఎక్కించుకుంటారు, లైసెన్సు కూడా వాళ్ళే చూసుకుంటారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? కారులో నాతో పాటు ఇంకో ఇద్దరుండేవాళ్ళు. ఒకడు దిగి ఇంకొకడు ఎక్కి, సీటు జరుపుకుని, అద్దం సర్దుకునేసరికి నా అరగంటలో మిగిలేది ఇరవై నిమిషాలు. పదిహేను ఇరవైలు మూడు వందల నిమిషాలు. అంటే అయిదు గంటలు. అందులో సిగ్నళ్ళ దగ్గర నిలబడ్డది ఎంతో లెక్కేసుకోలేదు, బాధేస్తుందని. అప్పటికి మాత్రం ఈ లెక్కేదీ నాకు తట్టలేదు. కారు సాఫీగా వెళ్తోంది, ఎక్కడా ఆగిపోవట్లేదు, "సూపర్ సార్, మీకు త్వరగా వచ్చేసింది" అంటున్నాడు నేర్పేవాడు. వచ్చేసిందనే అనుకున్నా. లైసెన్సూ వచ్చింది. సెకండ్ హ్యాండ్ ఆల్టో కొని పాల్వంచ తీసుకుపోయా.

ఆ చలికాలం, ముక్కోటి ఏకాదశి రద్దీ తగ్గాక, అమ్మనీ నాన్ననీ ఎక్కించుకుని భద్రాచలం బయల్దేరాను. సుమారు ముప్ఫై కిలోమీటర్లు. (భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషన్ కొత్తగూడెంలో ఉంటుంది, అక్కణ్ణుంచి గుడికి ఇంకో నలభై కిలోమీటర్లుంటుంది. అది తెలియక దిగి బిక్కమొహం వేసిన నా స్నేహితుల కథలు ఇంకోసారి.) దారంతా బాగానే ఉంది. సారపాక దాటాం, వంతెన దాటాం. భద్రాచలంలో గోదావరి కరకట్ట మీదకెక్కే ఎత్తులో ముందు వెళ్తున్న వ్యాను ఆగింది. నేనూ ఆపాను. వ్యాను కదిలింది. నేను క్లచ్ వదిలాను. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను. బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటర్ మీద వేసేలోపు కారు వెనక్కి జారడం మొదలైంది. వెనక ఆటో. అందులో పిల్లలతో కలిపి పది మంది దాకా ఉన్నారు. హ్యాండ్ బ్రేకు అనేది ఒకటుందని నాకు గుర్తే రాలేదు. గుర్తుకురావడానికి నేర్చుకున్నప్పుడు ఏనాడూ దాన్ని పట్టుకున్న పాపాన పోలేదు కదా.

ఆటో అతను ఎలాగో పక్కకి కోశాడు. దాని ముందు రేకు నొక్కుకుంది, నా బంపర్ ఊడింది. అంతే, ఎవరికీ ఏం కాలేదు. అతను దిగొచ్చి, తిట్టకుండా, డోరు తీసి "జరుగు తమ్ముడూ" అన్నాడు. నా సీట్లో కూర్చుని కారుని కట్ట మీదకెక్కించి తాళం నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది. నాన్న ఏమీ అనలేదు. అమ్మ తిరుగు ప్రయాణం బస్సులో చేసింది. ఆ తర్వాత ఏడాది పాటు నా కారెక్కలేదు. "నడుం నొప్పిరా, కారు పడదు" అనేది. ఎర్ర బస్సుకి మాత్రం ఆ నడుం బాగానే సహకరించేది.

తప్పెవరిది? నాదే. అయితే లైసెన్సున్నవాడికి ఎత్తు మీద బండి కదపడం రాకపోవడం ఎలా సాధ్యమని చాలా రోజులు ఆలోచించాను. హైదరాబాదులో ఫ్లైఓవర్ల మీద కదిపాను కదా! జవాబు తర్వాత తెలిసింది. అక్కడ కదిపింది నేను కాదు. స్కూలు కార్లో నేర్పేవాడి వైపు కూడా క్లచ్చీ బ్రేకూ ఉంటాయి. ఉండాలి, అది రూలు కూడా. ఎత్తొచ్చినప్పుడల్లా ఆయన కాలు మెల్లగా పని చేసేది. నేను స్టీరింగ్ పట్టుకుని మురిసిపోయేవాణ్ణి. మన భాషలో చెప్పాలంటే, పక్కన కూర్చున్న సీనియర్ మన కోడు మనకి తెలియకుండా సరిచేసి చెకిన్ చేస్తుంటే, బిల్డ్ పాసైందని మనం కాలరెగరేసుకోవడం.

రెండోసారి పాల్వంచలోనే నేర్చుకున్నా. బొగ్గు లారీలు చాలా ఏళ్ళు నడిపి, మోకాళ్ళ నొప్పులొచ్చి, చిన్న స్కూల్లో నేర్పుతున్న ఒక మాస్టారి దగ్గర. ఆయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "బాబూ, నా కాలు పడ్డప్పుడల్లా నాది అని అరుస్తా. అది ఎన్నిసార్లు వినపడిందో నువ్వు లెక్కపెట్టుకో." అంతే. మొదటి రోజు గంటలో లెక్క తప్పిపోయింది. అయిదో రోజుకి పదకొండు. పన్నెండో రోజుకి రెండు. లైసెన్సు జేబులో పెట్టుకున్న మనిషిని, పక్కసీట్లోంచి "నాది!" అని అరుస్తుంటే ఎంత సిగ్గేసేదో. ఇంత నిజాయితీ ఉన్న మెట్రిక్ నేను పని చేసిన ఏ ప్రాజెక్టులోనూ చూళ్ళేదు, ఒట్టు.

ఆయన గంటల లెక్కన డబ్బు తీసుకునేవాడు, రోజుల లెక్కన కాదు. గ్రౌండులో రెండు రోజులు, తర్వాత కిన్నెరసాని వైపు, ఆ తర్వాత భద్రాచలం రోడ్డు. ఒక రోజు కావాలనే సాయంత్రం ఆరున్నరకి రమ్మన్నాడు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు అడవి చీకట్లో ఎలా కనపడుతుందో (అంటే ఎలా కనపడదో) అప్పుడే తెలిసింది. ఎదురు లారీ హైబీమ్ వేసుకొస్తే దాని కళ్ళలోకి చూడకుండా రోడ్డు ఎడమ అంచు పట్టుకుని పోవాలని చెప్పాడు. వానాకాలం రాత్రుళ్ళు గొడ్లు రోడ్డెక్కి పడుకుంటాయి, హారన్ కొడితే లేవవు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లో మొక్కజొన్నలో ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. గింజలు ఎత్తుకుపోతారు గానీ రాళ్ళు ఎత్తరు. ఇవేవీ ఆర్టీయే ట్రాకు మీద ఉండవు. ట్రాకు మీద ఉన్నవి రావాలి, కాదనను. ఎనిమిది తిప్పడం, హెచ్ ఆకారంలో రివర్సు, అన్నీ పనికొచ్చేవే. కానీ ట్రాకు పాసవ్వడం కోసమే నేర్పే మనిషి, టెస్టు కేసులు చూసి కోడు రాసేవాడి లాంటివాడు.

చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు కూడా చూపించమని సరదాగా అడిగాను. "లైసెన్సొచ్చి ఏడాది నడిపాక పో. నేను మాత్రం తీసుకుపోను" అన్నాడు. ఏది నేర్పడో కూడా ముందే చెప్పే మాస్టారు దొరికితే వదలకండి.

ఇక రూల్సు సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. వాటి ప్రకారం సొంత కారు నడిపేవాడికి డ్రైవింగ్ స్కూలు శిక్షణ కనీసం 21 రోజులు, అందులో బండి నడిపే సమయం కనీసం 10 గంటలు ఉండాలి. ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాయడానికి ఫారం 15 అని ఒక రిజిస్టరే ఉంది. చేరేముందు అది చూపించమని అడగండి, వాళ్ళ మొహం చూస్తేనే సగం విషయం తెలిసిపోతుంది. 2021 జూలై నుంచి అమల్లోకొచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల రూల్సులో కారుకి 29 గంటలు పెట్టారు. అందులో 8 గంటలు థియరీ, 21 గంటలు ప్రాక్టికల్, నాలుగు వారాల్లోపు పూర్తి కావాలి. అక్కడ పాసైతే ఆర్టీయే టెస్టు అక్కర్లేదు. బ్రిటన్లో సగటున 45 గంటలు నేర్చుకుని, పైన ఇంకో 22 గంటలు ఇంట్లోవాళ్ళతో ప్రాక్టీసు చేస్తారని అక్కడి టెస్టులు పెట్టే సంస్థ చెప్పే లెక్క. ఆన్‌సైటు వెళ్ళిన మనవాళ్ళు ఇండియా లైసెన్సుతో పన్నెండు నెలలు నడిపి, ఆ తర్వాత టెస్టుకి వెళ్ళి ఎందుకు తప్పుతారో నాకిప్పుడు అర్థమవుతోంది.

ఇంకో తమాషా ఏమిటంటే, లెర్నర్స్ లైసెన్సు తీసుకున్నాక 30 రోజులు నిండితే గానీ అసలు టెస్టుకి రానివ్వరు. పది రోజుల్లో నేర్చేసుకున్నా మిగతా ఇరవై రోజులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. అది ఆరు నెలలు చెల్లుతుంది కూడా. మరి తొందరెందుకు?

ఇంటెన్సివ్ కోర్సులన్నీ దండగ అనట్లేదు. కార్లో మీరొక్కరే, రోజుకి రెండు గంటలు, మధ్యలో టీకి ఆగుతూ, పది రోజులైతే ఇరవై గంటలు. నా హైదరాబాదు కోర్సుకి నాలుగు రెట్లు. నాకైతే గంట దాటాక బుర్ర పని చేసేది కాదు, మీకు చేస్తుందేమో. అసలు ప్రశ్న రోజులెన్ని అన్నది కాదు, స్టీరింగ్ మన చేతిలో ఉన్న గంటలెన్ని, అందులో మాస్టారి కాలు పడని గంటలెన్ని అన్నదే.

మా కుర్రాడికి ఇదంతా కుదించి వాట్సాప్ చేశాను. మర్నాడు వాడు ఆ స్కూలుకెళ్ళి, కార్లో ఎంతమంది అని అడిగితే "ముగ్గురే సార్" అన్నారట. "మీ కాలు పడ్డప్పుడు చెప్తారా?" అని అడిగితే విచిత్రంగా చూశారట. ఇప్పుడు వాడు సెలవుల్లో లెర్నర్స్ తీసుకుని, పది రోజుల్లో అయినన్ని గంటలు గంటల లెక్కన నేర్పే ఇంకో ఆయన దగ్గర మొదలుపెట్టి, మిగతాది నెలాఖరు శనాదివారాలకి పెట్టుకున్నాడు. ఈ ఆదివారం లెక్క పద్నాలుగు "నాది"లట.