నాగరకుడా? కార్పొరేటరా?

“పాలించాల్సింది ఎవరు?” రాజనీతి పాఠాల్లో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఇది. జ్ఞానులు పాలించాలని ప్లేటో అన్నాడని రాసి మార్కులు తెచ్చుకుంటాం. మనముండే బెంగళూరు మాత్రం ఈ ప్రశ్నకు ఐదేళ్ల పాటు ఒకటే జవాబు చెప్పింది: అధికారులు!

2015 ఆగస్టులో ఎన్నికైన బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. గడువు తీరేలోపే కొత్త ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలో 74వ సవరణ చెబుతోంది. జరగలేదు. ప్రభుత్వం నియమించిన అడ్మినిస్ట్రేటర్లే నగరాన్ని నడిపారు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మా హూడి తూర్పు కార్పొరేషన్‌లోకి వెళ్లింది. ఆ రోజు బోర్డులు మారాయి, కుర్చీల్లో మళ్లీ అధికారులే కూర్చున్నారు.

ఇది కొత్త పద్ధతేం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం తాళపత్రాలను మైసూరులో శామశాస్త్రిగారు వెలుగులోకి తెచ్చి, 1909లో అచ్చు వేయించారు. అందులో నగరాన్ని చూసుకునేవాడు నాగరకుడు. అతని కింద స్థానికులు, గోపులు. గోపుడు తన కిందున్న ఇళ్లలో ఆడా మగా ఎంతమంది, ఏ కులం, ఏ పని, ఆదాయమెంత, ఖర్చెంత అని లెక్క రాస్తాడు. పక్కా ఏర్పాటే! కానీ ఆ ఇళ్లవాళ్లు తిరిగి గోపుణ్ణి లెక్క అడిగే దారి అందులో లేదు.

మా ఇంట్లో దీని మీద పెద్ద వాదన. నాన్న కన్నడంలో “అధికారిగళే సాకు” అంటారు. కార్పొరేటర్లు తింటారు, అధికారులైతే చదువుకున్నవాళ్లు, ఫిర్యాదుకు యాప్ కూడా ఉంది కదా అని ఆయన లెక్క. అమ్మ తెలుగులో అందుకుంటుంది: “సాకా? మరి రోడ్డు తవ్వి వదిలేస్తే ఎవరింటికెళ్లి అడుగుతారు?”

నా ఓటు అమ్మకే. యాప్‌లో మనకు దొరికేది ఫిర్యాదు నంబరు. ఏ రోడ్డు ముందు వేయాలి, డబ్బు దేనికి పెట్టాలి అనేది వేరేచోట తేలిపోతుంది. విందు ఎలా ఉందో వంటవాడికన్నా తిన్నవాడికే బాగా తెలుస్తుందని అరిస్టాటిల్ ఎప్పుడో వాదించాడు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి నగరమంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. ఎన్ని బిందెలతో ఇల్లు గడుస్తుందో ఆ బిందె మోసినవాళ్లకే తెలుసు. వాళ్లు మాట్లాడే కౌన్సిల్ మాత్రం ఆ రోజు లేదు.

అయితే స్థానిక పాలన అనగానే మురిసిపోనక్కర్లేదు. ఆ అరిస్టాటిలే ఆడవాళ్లనీ బానిసలనీ పౌరుల్లో కలపలేదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లె పాలన మీద మోజును గట్టిగా విమర్శించారు. ఊళ్లో బలమున్న కులం చేతికే అధికారం పోతే, దూరంగా ఉన్న అధికారే నయమనిపించవచ్చు. ఆ భయం నిజమైనదే. దానికి మందు ఎన్నికలు ఆపడం కాదు, రిజర్వేషన్లు. ఈ పని కర్ణాటక 74వ సవరణ కంటే ముందే మొదలుపెట్టింది. 1987 మండల పంచాయతీ ఎన్నికల్లోనే ఆడవాళ్లకు 25 శాతం సీట్లు ఇచ్చింది. 2015లో బెంగళూరు 198 వార్డుల్లో సగం మహిళలవి.

అంటే కౌన్సిల్ లేని ఆ ఐదేళ్లలో ఖాళీగా ఉన్నవి దాదాపు వంద మంది ఆడవాళ్ల కుర్చీలు. అసెంబ్లీలో, పార్లమెంటులో మనకు అన్ని చోట్లు ఎక్కడున్నాయి? వీధి దీపం, మోరీ, నీళ్లు, చెత్తబండి – రోజూ మనం తలపడేవి ఇవే. వీటి గురించి నిర్ణయించే చోటే మూసేశారు. దీని మీద పెద్ద గొడవ కూడా జరగలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

మనలో చాలామందికి పద్దెనిమిది దాటింది. మీ వార్డు పేరేంటో, ఓటరు జాబితాలో మీ పేరుందో లేదో ఈ వారమే చూసుకోండి. తర్వాత ఓటు అడగడానికి వచ్చేవాళ్లను ఒక్క ప్రశ్న అడుగుదాం: వార్డు కమిటీ నెలనెలా కూర్చుంటుందా, అందులో మాకు చోటుందా?