అన్‌ఫిట్ ఎవరు?

“పాపం, ఒంట్లో బాగోక ఉద్యోగం మానేశాడు” అంటాం. చాలాసార్లు అది అబద్ధం. అతను మానలేదు, మాన్పించారు. మాన్పించినవాళ్లు మాత్రం ఆ వాక్యంలో ఎక్కడా కనపడరు.

ఓ బస్సు డ్రైవర్ సంగతి చూడండి. 2014లో ఆర్టీసీలో ఉద్యోగం వచ్చింది. తర్వాత వైద్య పరీక్షలో, రంగులు సరిగ్గా గుర్తుపట్టలేడని తేలింది. సరే, స్టీరింగ్ ఇవ్వొద్దు. వేరే పని ఇవ్వమన్నాడు. ఇవ్వకుండా 2016లో ఇంటికి పంపేశారు. రంగులు కనపడని డ్రైవర్లకు మరో పని చూపించాలని 1979లోనే యాజమాన్యం, కార్మికులు ఒప్పందం రాసుకున్నారు! అయినా సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. తగిన పని ఇవ్వాలని, పోయిన జీతంలో పాతిక శాతం చెల్లించాలని 2025 ఆగస్టులో తీర్పొచ్చింది. గెలిచాడు, నిజమే. కానీ పోయిన తొమ్మిదేళ్లో? డిపోలున్నాయి, స్టోర్లున్నాయి, లెక్కల గదులున్నాయి. అంత పెద్ద సంస్థలో ఆ ఒక్క మనిషికి చోటు లేదా?

అతనికి కనీసం ఎక్కడానికి ఓ కోర్టు మెట్టు దొరికింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చదవండి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పని ఇవ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా ఉంచుకోవాలి. ఎంత మంచి మాటలు! కాకపోతే ఇవన్నీ ప్రభుత్వ సంస్థలకే. మాదాపూర్ అద్దాల మేడలో కోడ్ రాసే అమ్మాయికి చూపు మందగిస్తే ఈ రక్షణ లేదు. ఆమెకు దొరికేది హెచ్ఆర్‌తో ఓ మీటింగు, “మీరే రిజైన్ చేస్తే బావుంటుంది” అన్న సలహా. డెలివరీ కుర్రాడి కాలు విరిగితే ఆ మీటింగు కూడా ఉండదు. యాప్‌లో ఆర్డర్లు రావు, అంతే.

“కంపెనీలకు భారం కదా” అంటారు. ఆ భారం ఇప్పుడు మాత్రం ఎక్కడికి పోయింది? ఇంట్లో అమ్మ మీదో, భార్య మీదో పడింది. నలుగురు పనిచేసే దుకాణానికి అదనపు పోస్టు కుదరదంటే ఒప్పుకుంటాను. వేలమంది పనిచేసేచోట ఇంకో కుర్చీ దొరకదంటే మాత్రం నమ్మను.

ఇది దయ గురించిన గొడవ కాదు. మనలో ఎవరి ఒళ్లూ పర్మినెంట్ కాదు. ఇవాళ ఫిట్‌గా ఉన్న మీరూ నేనూ రేపటి మెడికల్ రిపోర్టుకు ఇవతల నిలబడ్డవాళ్లమే. అందుకే నా డిమాండ్ చిన్నది: ఆ సెక్షన్‌లోంచి “ప్రభుత్వ” అన్న ఒక్క మాట కొట్టేయండి.