ఊరు చూడ్డానికి నేనూ వెళ్ళాను

ఏమండీ, మీ ఇంటికి చుట్టాలొస్తే ఊరెవరు చూపిస్తారు? మీవారా, మీ అబ్బాయా? ఆ పూట మీరు మాత్రం వంటింట్లోనే ఉండి ఉంటారు, అవునా? నేనూ అంతే. పెళ్ళయి బెజవాడ వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో దిగి ఉండవల్లి గుహలు చూసి వెళ్ళినవాళ్ళు ఎంత లేదన్నా ముప్ఫై మంది ఉంటారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి అన్నం వేడిగా ఉండాలని ఎసరు పెట్టుకుని కూర్చున్నదాన్ని నేను. ఆ గుహలు ఎలా ఉంటాయో మాత్రం నాకు తెలియదు.

ఈ సంగతి నాకై నాకు తట్టలేదు. మా అన్నయ్య కూతురి వల్ల బయటపడింది. అది జర్మనీలో మ్యూనిక్ నగరంలో చదువుకుంటోంది. సంక్రాంతికి వచ్చి, పండగ అయ్యాక వారం రోజులు మా ఇంట్లో ఉంది. ఒక రాత్రి భోజనాల దగ్గర ఆ ఊరి విశేషాలు ఫోనులో చూపించింది. నడిబొడ్డున మరియెన్‌ప్లాట్జ్ అని పెద్ద కూడలి. అక్కడ పురపాలక భవనం గోపురంలో పగలు పదకొండింటికి గంటలు మోగుతాయి, మనిషెత్తు బొమ్మలు గుండ్రంగా తిరుగుతూ ఆడతాయి. మొత్తం 43 గంటలు, 32 బొమ్మలట. పై వరసలో ఒక ప్రభువుగారి పెళ్ళి వేడుక, కింది వరసలో పీపాలు చేసే పనివాళ్ళ నాట్యం. దేశదేశాల జనం మెడలు పైకెత్తి నిలబడి చూస్తున్నారు.

మా అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని అంతా చూసి, "ఆ బొమ్మల్ని చేసేవాళ్ళని చూశావా అమ్మా?" అని అడిగారు. లేదంది. "మన కొండపల్లిలో అయితే ఇళ్ళ దగ్గరే కూర్చుని చెక్కుతారట. వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతుంటారు."

"అంటే మీరు చూడలేదా అమ్మమ్మగారూ?"

"నన్నెవరు తీసుకెళ్ళారే?" అన్నారావిడ. నవ్వుతూనే అన్నారు. నాకే ముద్ద మింగుడుపడలేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి. యాభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి అమ్మవారి గుడి, ఆసుపత్రి, పెళ్ళిమండపాలు తప్ప ఏమీ చూడలేదు. నేను కోడలిగా వచ్చాక నేనైనా అడిగానా? లేదే! ఇద్దరం కలిసి ముప్ఫై మందికి వండి పెట్టాం.

మర్నాడే బయలుదేరదామన్నాను. "మోకాళ్ళ నొప్పుల మనిషిని ఎక్కడికి లాక్కుపోతావ్?" అని మావారు అడ్డం పడ్డారు. వినలేదు. వినకపోవడం బాగానే ఉంది గానీ, తొందరపాటు మాత్రం నాదే. ఆ రోజు శుక్రవారం అని చూసుకోకుండా అందరినీ ముందు ఇంద్రకీలాద్రి తీసుకెళ్ళాను. దర్శనం చేసుకుని బయటపడేసరికి పదకొండు దాటింది. అత్తయ్యగారి పాదాలు వాచిపోయాయి. ఇంకేం ఊరు, ఇంటికొచ్చి వేడినీళ్ళ కాపడం పెట్టుకున్నాం. మావారు పైకి ఏమీ అనలేదు, ఆయన చూపే అంది. ముసలివాళ్ళు ఉంటే శుక్రవారం, ఆదివారం కొండకి వద్దు. దసరాల్లో మూలా నక్షత్రం రోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊరు చూపించే రోజు వేరు, దర్శనం రోజు వేరు అని పెట్టుకోండి.

రెండు రోజులాగి మళ్ళీ అన్నాను. ఆవిడ నాకంటే ముందే చీర మార్చుకుని కూర్చున్నారు!

ఇక తిండి సంగతి. వంట కోసం ఆగిపోకూడదనుకుంటే రాత్రే సగం పని చేసుకోవాలి. పులిహోరకి చింతపండు గుజ్జు, పచ్చిమిర్చి, పసుపు వేసి నూనె పైకి తేలేదాకా రాత్రే ఉడికించి పెట్టుకున్నాను. పొద్దున్నే అన్నం పలుకుగా వండి, పళ్ళెంలో ఆరబోసి, పోపు పెట్టి కలపడమే. దద్దోజనానికి పెరుగు పోసి కలపకండి, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. మెత్తటి అన్నంలో కాచి గోరువెచ్చన చేసిన పాలు పోసి, రెండు చెంచాలు పెరుగు కలిపితే తినే వేళకి అదే తోడుకుంటుంది. అల్లం, మిరియాలు సరే. మావారికీ అందులోంచే క్యారేజీ కట్టిచ్చాను. ఆఫీసులో అందరూ అడిగి మరీ తిన్నారట, అది వేరే కథ.

తెలిసిన ఆటో మాట్లాడుకుని ఆరున్నరకల్లా ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్ళాం. ఎన్నిసార్లు బస్సులో దాటలేదు ఈ కృష్ణని! కానీ ఆగి చూసింది లేదు. 1855లో కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని బదులు ఇది కట్టి 1957లో పూర్తి చేశారు. కిలోమీటరుకి పైగా పొడవు, డెబ్బై గేట్లు. ఇటు ఏలూరు, బందరు, రైవస్ కాలువలు, అటు గుంటూరు వైపు కాలువలు, అన్నిటికీ నీళ్ళు ఇక్కణ్ణుంచే. మా పుట్టింటి చేలు తడిసేది బందరు కాలువ నీళ్ళతోనే. 2024 సెప్టెంబరులో ఈ గేట్ల మీదుగా 11 లక్షల క్యూసెక్కులకి పైగా వరద పోయింది. కొట్టుకొచ్చిన పడవలు వచ్చి గుద్దుకున్నదీ ఇక్కడే. ఆ రోజుల్లోనే బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగాయి. "అక్కడ కూర్చుని ఫోనులో చూసి ఏడ్చాను అత్తా" అంది పిల్ల. ఆ పొద్దున మాత్రం నది అద్దంలా ఉంది. అత్తయ్యగారు పిట్టగోడ పట్టుకుని దణ్ణం పెట్టుకున్నారు.

అక్కణ్ణుంచి ఉండవల్లి ఎంతో దూరం లేదు. కొండని తొలిచి నాలుగు అంతస్తులు చేశారు, నాలుగు నుంచి ఏడో శతాబ్దం మధ్య పని అంటారు. మేడలాగా కట్టింది కాదు, ఉన్న రాయిలోంచి తీసేసింది! ఒక్క దెబ్బ తప్పు పడితే మళ్ళీ అతికించడానికి లేదు కదా అని నాకు ఒళ్ళు జలదరించింది. పై అంతస్తులో బయటి వైపు ఋషుల విగ్రహాలు వరసగా కూర్చుని పచ్చటి పొలాల్ని చూస్తున్నాయి. లోపల చీకట్లో అనంతపద్మనాభస్వామి నిలువునా పడుకుని ఉన్నాడు. ఈ చివర నుంచి ఆ చివరికి నడుచుకుంటూ చూడాల్సిందే.

అత్తయ్యగారు మెట్లెక్కలేకపోయారు. కింద పచ్చికలో చెట్టు నీడన కూర్చోబెట్టి వచ్చాం. పైకొచ్చాక నాకు మనసొప్పలేదు. పిల్ల తెలివైంది, ఆవిడ ఫోనుకి వీడియో కాల్ చేసి, స్వామి పాదాల నుంచి శిరస్సు దాకా మెల్లగా నడుస్తూ చూపించింది. కిందకి తొంగి చూద్దును కదా, ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ జోడించి ఉన్నారు. పులిహోర ఆ చెట్టు కిందే తిన్నాం. మా అత్తయ్యగారు రెండోసారి పెట్టించుకోవడం నేను ఈ మధ్యకాలంలో చూడలేదు.

మర్నాడు బందరు రోడ్డులో బాపూ మ్యూజియం చూశాం. 1887లో శంకుస్థాపన జరిగిన విక్టోరియా జూబిలీ భవనమే ఇది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడే మన భట్లపెనుమర్రు వాసి పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారు. పిల్లలున్నవాళ్ళు తప్పక చూపించండి. భవానీ ద్వీపానికి మేం వెళ్ళలేదు. వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: పడవలో లైఫ్ జాకెట్ ఇస్తే చీర నలుగుతుందని పక్కన పెట్టకండి. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు.

మధ్యాహ్నం కొండపల్లి. ఆవిడ కోరిక ఇదే కదా. బొమ్మల కాలనీలో ఒకరింట్లో లోపలికి రమ్మని చాప వేశారు. తెల్లపొణికి కర్రని సన్నటి సెగ మీద ఆరబెడతారు. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల ముద్దలో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దాని మీద సుద్దపూత, ఆ పైన రంగులు. చింతగింజల మాట వినగానే అత్తయ్యగారు నా వైపు తిరిగి, "మనం పారబోస్తామే!" అన్నారు. రంగులు వేస్తున్న ఇల్లాలితో గంటసేపు కబుర్లు. కంటిపాప దిద్దేటప్పుడు ఊపిరి బిగబట్టాలట. అక్కడ కూర్చున్నంతసేపూ మా ఆవిడకి మోకాళ్ళు గుర్తుకురాలేదు. కొనేటప్పుడు చేత్తో పట్టుకు చూడండి, అసలైన పొణికి బొమ్మకి బరువే తెలియదు. ఇంటికొచ్చాక తడిబట్ట తగలనివ్వకండి, పొడిబట్టతో దుమ్ము దులపండి చాలు.

పిల్ల అంబారీ ఏనుగు కొనుక్కుంది, మ్యూనిక్‌లో తన బల్ల మీద పెట్టుకుంటుందట. అత్తయ్యగారు తాడిచెట్టు ఎక్కుతున్న గీతకార్మికుడి బొమ్మ ఏరుకుని, తన కొంగుముడి విప్పి తనే డబ్బులిచ్చారు. నన్ను ఇవ్వనివ్వలేదు.

పిల్ల వెళ్ళిపోయింది. బొమ్మ టీవీ పక్కన ఉంది. నిన్న పొద్దున కూర తరుగుతూ, "మాఘ పౌర్ణమికి హంసలదీవిలో వేణుగోపాలస్వామి కల్యాణమట కదే, కృష్ణ సముద్రంలో కలిసేది కూడా అక్కడేగా" అన్నారు అత్తయ్యగారు. పౌర్ణమి నాడు సముద్రస్నానానికి జనం విరగబడతారు, శుక్రవారం నాటి లైను గుర్తులేదా అన్నాను. "అయితే రెండు రోజులు ముందే వెళదాం. ఆటో అయితే కుదరదు, కారు మాట్లాడమను మీ ఆయన్ని. ఆయన కూడా వస్తానంటే రానీ" అన్నారు.

చింతపండు నానబెట్టుకోవాలి మరి.