చవక బడి అంటే చులకన బడి కాదు

మా ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేవారు, వెల్డింగు చేసేవారు పిల్లల బడిని గురించి మొదట అడిగేది ఒక్కటే: ‘‘ఫీజెంతండీ?’’ ఆ ప్రశ్నను చులకన చేసే పెద్దలున్నారు. మిషను బళ్ళ కాలం చెల్లిందనీ, బతకాలంటే అవీ ఇంటర్నేషనల్ స్కూళ్ళు కావాలనీ వారి వాదం. దానిని నేను ఖండిస్తున్నాను.

కృష్ణా డెల్టాలో ఆంగ్లికన్ విద్యకు 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల ప్రసిద్ధమైన ఆరంభం. అది గొప్ప బడే. కాని తొలినాళ్ళలో అంటరానివారని వెలివేసిన కులాల పిల్లలకు అందులో చోటు లేదు. పైవారిని చదివిస్తే విద్య కిందికి దిగుతుందని నోబుల్ ఆశ. కాలువ నీరు పల్లానికి తనంత తానే పారుతుంది; విద్య పారదు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ మండలంలో మాల మాదిగ పల్లెల పిల్లల చదువుకు పెద్దపీట వేశారు. వసతి బళ్ళలో అక్షరంతోపాటు సేద్యం, చేతిపని నేర్పించారు. 1947లో ఆ సంఘాలు సి.ఎస్.ఐ.లో కలిశాయి. విజయవాడలో ఒక బాలికోన్నత పాఠశాల నేటికీ అజరయ్యగారి పేరు మోస్తున్నది.

ఇవి చవకగా నడవడంలో మాయ లేదు. స్థలం, భవనం సంఘానివి. ఎయిడెడ్ ఉపాధ్యాయుని జీతం ప్రభుత్వానిది. విరమించిన పంతులు పోస్టును నింపకపోతే ఆ జీతం పిల్లల ఫీజుపై పడుతుంది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ పోస్టులను అప్పగించమన్నది. నిరసనలు రేగాక అదే నవంబరులో, అప్పగించినవారు మనసు మార్చుకోవచ్చునన్నది. ఈ ఊగిసలాటకు మూల్యం చెల్లించేది ఎవరు?

యాజమాన్యాలకూ ఒక మాట. విద్యాహక్కు చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక పేదలకు ఇరవై అయిదు శాతం సీట్లివ్వాలన్న నియమం మిమ్మల్ని కట్టివేయదు. మినహాయింపు ఇచ్చింది చట్టమే, ధర్మం కాదు. ఆ రక్షణ చాటున ఫీజులు పెంచుకుంటూ పోతే మీ బడికీ కార్పొరేటు బడికీ భేదం ప్రార్థన గీతం ఒక్కటే.

ఫీజు బాకీ ఉన్న పిల్లవాణ్ణి నిలబెట్టిన తరగతిలో పద్యం చెప్పడం ఎంత బాధో, ఏళ్ళ తరబడి తెలుగు చెప్పిన నాకు తెలుసు. వాడికి ఛందస్సు ఎక్కదు, మనకు గొంతు పెగలదు.

ప్రభుత్వం ఎయిడెడ్ ఖాళీలను నింపాలి. యాజమాన్యాలు ఫీజును వెల్డరు నెల సంపాదనతో కొలవాలి. ఆ బళ్ళలో చదివి పైకొచ్చిన పాఠకులారా, మీ పాత హాస్టలులో ఒక్క బిడ్డ ఏడాది భోజనం ఖర్చు భరించండి.