550 దాటితే ఐఫోనా?



పదో తరగతి పేరెంట్స్ మీటింగుల్లో ఈమధ్య చదువు సంగతులన్నీ అయ్యాక, లేచి వెళ్లబోతూ చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మేడం, పిల్లోడికి 550 దాటితే మంచి ఫోన్ కొనిస్తామని మాటిచ్చినాం. యా ఫోన్ అయితే బాగుంటుంది?"

600కి 550 అంటే చిన్న లక్ష్యం కాదు. మంచి ఫోన్ అంటే మీ పిల్లల మనసులో ఉన్నదీ చిన్న ఫోన్ కాదు. 70 వేలో, 80 వేలో, ఇంకా పైనో. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పదో తరగతి పూర్తిచేసిన పిల్లలకు అంత ఖరీదైన ఫోన్ అవసరం లేదు. మార్కులకు బహుమతిగా అయితే అసలే వద్దు. ఫోనే ముట్టుకోవద్దని నేననడం లేదు. పాఠాల వీడియోలు, పీడీఎఫ్‌లు, దీక్ష యాప్, మన స్కూల్ యాప్ అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. వాటికి ఎంత ఫోన్ కావాలన్నదే నా ప్రశ్న.

ధర ఒకటి, కట్టేది ఇంకొకటి

2025 సెప్టెంబరులో మన దేశంలో విడుదలైన ఐఫోన్ 17 ప్రారంభ ధర 82,900 రూపాయలు. ప్రో మోడల్ 1,34,900తో మొదలైంది. మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ నుంచి 12 శాతం కాస్తా 18 శాతమైంది. అంటే 82,900లో సుమారు 12,600 రూపాయలు పన్నే. ఇవాళ ఐఫోన్ డబ్బాలో చార్జర్ అడాప్టర్ ఉండదు, అది వేరుగా కొనాలి. కవర్, స్క్రీన్ గార్డ్, పగిలితే ఉంటుందని ఇన్సూరెన్స్... షాపులో నుంచి బయటికొచ్చేసరికి లెక్క ఎంతో కొంత పెరుగుతుంది.

"నో కాస్ట్ ఈఎంఐ ఉంది కదా మేడం" అంటారు. కర్నూలు రాజ్ విహార్ సెంటర్‌లోనైనా, కడప ఏడు రోడ్ల కూడలిలోనైనా మొబైల్ షాపులో ముందు వినిపించే మాట అదే. ఈ పద్ధతిలో చాలావరకు జరిగేది ఇది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీకి సరిపడా మొత్తాన్ని కంపెనీయో షాపో ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తుంది. కానీ ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన మీదే పడతాయి. పైగా రొక్కం పెట్టి కొంటే మనకు రావలసిన డిస్కౌంటే వడ్డీకి పోయిందేమో కూడా చూసుకోవాలి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. కాబట్టి షాపులో ఒక్క ప్రశ్న అడగండి: "రొక్కంగా ఇస్తే ఎంత?"

రెండేళ్లు బీరువాలో

ఈ విషయం గురించి ఎవరూ పెద్దగా ఆలోచించడం లేదని నాకనిపిస్తుంది. పదో తరగతి తర్వాత మన పిల్లల్లో చాలామంది చేరేది రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో. తిరుపతి, విజయవాడ, హైదరాబాద్... ఊరు ఏదైనా ఆ హాస్టళ్లలో ఫోన్ సాధారణంగా ఉండనివ్వరు. ఇంటికి మాట్లాడాలంటే వార్డెన్ దగ్గరి ఫోనే గతి. అంటే ఫలితాలు వచ్చిన వారంలో కొన్న 80 వేల ఫోన్ పిల్లల చేతిలో ఉండేది ఒక్క వేసవి సెలవులు. ఆ తర్వాత దసరాకు నాలుగు రోజులు, సంక్రాంతికి నాలుగు రోజులు. మిగతా కాలమంతా బీరువాలోనే.

బీరువాలో ఉంటే కొత్తగానే ఉంటుంది కదా అనుకోకండి. లిథియం బ్యాటరీ వాడకపోయినా పాతబడుతుంది. పూర్తిగా అయిపోయిన చార్జింగ్‌తో నెలల తరబడి పెడితే ఇంకా త్వరగా దెబ్బతింటుంది. మన ఎండలు మరో సంగతి. బయటి వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఐఫోన్ వాడాలని ఆపిల్ చెబుతుంది. మన రెండు ఊళ్లలోనూ మార్చిలోనే మధ్యాహ్నాలు 35 దాటతాయి, ఏప్రిల్, మే నెలల్లో 40 పైమాటే. ఆ వేడికి 15 వేల ఫోనైనా, లక్ష ఫోనైనా ఒకటే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్న గడువు కూడా ఫోన్ బీరువాలో ఉందని ఆగదు.

82,900 రూపాయలను 24 నెలల వాయిదాలు చేస్తే నెలకు దాదాపు 3,450. మే నెలలో మొదలుపెడితే, మీ అమ్మాయో అబ్బాయో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసేనాటికి కూడా ఆ వాయిదా పూర్తికాదు. అదే రెండేళ్లలో కాలేజీ ఫీజు, హాస్టల్ ఫీజు, ఎంట్రన్స్ పరీక్షల ఖర్చులు కూడా ఉంటాయి. ఫీజు వాయిదాల కోసం మీరెంత సర్దుకుంటున్నారో క్లాస్ టీచర్లుగా మాకు కొంత తెలుసు. అందుకే ఈ మాట ఇంత చనువుగా రాస్తున్నాను.

మార్కులకు ధర కడితే

డబ్బు సంగతి పక్కన పెట్టినా నా అభ్యంతరం పోదు. ఫలితాలు వచ్చిన మరునాడు స్కూలుకు వచ్చిన ఒక విద్యార్థి నాతో అన్న మాట ఇది: "టీచర్, ఏడు మార్కులకు నా ఫోన్ పోయింది." వాడికి వచ్చినవి 543. ఎనిమిదో తరగతిలో నాలుగు వాక్యాలు సొంతంగా రాయడానికి తడబడినవాడు, పదిలో ఇంగ్లిష్‌లో 88 తెచ్చుకున్నాడు. నేను ఆ మాట ఎత్తితే తలూపి ఊరుకున్నాడు. వాడి దృష్టి ఆ రాని ఏడు మార్కుల మీదే ఉంది. 543 మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు ఓడిపోయినవాడిలా నిలబడటం నాకు నచ్చలేదు.

బహుమతి ఇవ్వకూడదని కాదు. కష్టపడ్డ పిల్లలకు ఏదైనా కొనిపెట్టాలని ఏ తల్లిదండ్రులకు ఉండదు? కానీ ఒక సంఖ్య దాటితేనే ఇస్తామన్నప్పుడు అది బహుమతి కాదు, బేరం. బేరంలో తగ్గినవాళ్లకు మిగిలేది నష్టమే.

"క్లాసులో అందరికీ ఉంది, మావోడు చిన్నబోతాండాడు మేడం" అని ఒక తల్లి అన్నారు. ఆ బాధ నిజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ 'అందరూ' ఎలా తయారవుతున్నారో చూడండి. ఒక ఇంట్లో కొంటారు. దాన్ని చూసి ఇంకో ఇంట్లో. ముగ్గురు నలుగురి దగ్గర కనిపిస్తే చాలు, సెక్షన్‌లోని మిగతా ముప్పై ఇళ్లలోనూ రాత్రి భోజనాల దగ్గర అదే మాట.

ఫోన్ చేత ఏం చేయిస్తున్నాం?

అసర్ 2024 సర్వేలో మన దేశపు గ్రామాల్లోని 14-16 ఏళ్ల పిల్లలను అడిగారు. అంతకుముందు వారంలో చదువు పనికి ఫోన్ వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. ఫోన్ ధర పెరిగితే ఈ రెండో అంకె తగ్గదు. ఇంగ్లిష్ టీచర్‌గా చెబుతున్నాను: నిఘంటువు తెరవడానికి, పదం ఉచ్చారణ వినడానికి, రోజూ ఒక వార్త చదవడానికి 12 నుంచి 15 వేల ఫోన్ సరిపోతుంది. కెమెరా బాగుంటే గ్రామర్ బాగుపడదు. ఇంజినీరింగ్‌లో చేరాక ల్యాప్‌టాప్ ఎలాగూ కావాలి. ఈ మిగులు దానికి పనికొస్తుంది.

ఖరీదైన ఫోన్ దండగ అని అందరికీ చెప్పలేను. ఫోటోలు, వీడియోలే జీవనోపాధి అయినవాళ్లకు అది పనిముట్టు. ఒకసారి కొని చాలా ఏళ్లు వాడేవాళ్లకూ లెక్క కుదరవచ్చు. 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్ 24కు శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తానంది. 80 వేల ఫోన్ నిజంగా ఏడేళ్లు వాడితే ఏడాదికి 11,400 పడుతుంది. మూడేళ్లకే మార్చేస్తే 26,600 పైమాట. 18 వేల ఫోన్ మూడేళ్లు వాడితే ఏడాదికి 6 వేలు. మనం ఎన్నేళ్లు వాడతామో మనకే తెలుసు.

కొనేముందు

వేరుశనగ విత్తనం కొనేటప్పుడు సంచి మీది బొమ్మ చూసి డబ్బులివ్వం. మొలక శాతం ఎంతని అడుగుతాం. ఫోన్ దగ్గరా అలాగే అడగండి.

- ఇప్పుడున్న ఫోన్‌తో ఏ పని ఆగిపోయింది? బ్యాటరీ మారిస్తే సరిపోతుందా?
- ఈ మోడల్ కంపెనీ సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందా, వేరే ఊరికి పోవాలా? స్క్రీన్ మార్చాలంటే ఎంత?
- అప్‌డేట్లు ఇంకా ఎన్నేళ్లు వస్తాయి?
- పాత ఫోన్ కొంటుంటే, స్టార్ హాష్ 06 హాష్ నొక్కి ఐఎంఈఐ నంబర్ చూశారా? కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబర్‌ను 14422కు మెసేజ్ చేస్తే అది దొంగ ఫోనో కాదో తెలుస్తుంది.
- వచ్చే రెండేళ్లు ఈ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది?

చివరి ప్రశ్నకు జవాబు 'బీరువాలో' అయితే ఇప్పుడు కొనకండి.

మీకు నా విన్నపం ఒక్కటే. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఒక పది నిమిషాలు ఈ విషయానికి ఇద్దాం. ఇంటర్ పూర్తయ్యేదాకా పిల్లలకు ఫలానా ధర దాటిన ఫోన్ కొనమని ఒక సెక్షన్ తల్లిదండ్రులంతా అనుకుంటే, ఏ ఒక్క పిల్లవాడూ చిన్నబోవలసిన అవసరం ఉండదు, ఏ ఒక్క తండ్రీ కాదనడానికి నొచ్చుకోవలసిన అవసరమూ ఉండదు. ఆ ధర ఎంతన్నది మీరే తేల్చండి. ఇక ఇప్పటికే మాటిచ్చినవారు మాట తప్పవద్దు. ఇవాళే పిల్లలను కూర్చోబెట్టి ఈ లెక్క వాళ్లచేతే వేయించండి. 550 అన్న షరతు మాత్రం ఫలితాలు రాకముందే తీసేయండి.